కత్తెరల జట్టును ఎవరు ఆడిస్తున్నారు?

జూన్ 28

మా కొండముచ్చుకి,

నువ్వు టవర్లెక్కి కరెంటు తీగలు లాగుతున్నావో, తీగలే నిన్ను లాగుతున్నాయో తెలియదు గానీ, కిందనున్న మేం క్షేమం. మన బేస్‌బాల్ లీగ్‌లో సగం సీజన్ నిన్నటితో పూర్తయింది. అధ్యక్షుడి హోదాలో వార్తలు పంపుతున్నాను. ఆ కొండల్లో నీకు వేరే వినోదం లేదు కాబట్టి ఓపిగ్గా చదువుతావని నా ధీమా.

ముందు చేదు మాత్ర. నీ గాలిపటాలు ఆరు జట్లలో ఆరోది. ఏడో జట్టంటూ ఉంటే ఏడోది అయ్యేది. నీకున్న ఒక్కగానొక్క మంచి పిచ్చరు, ఆ పిడుగు, భుజం నొప్పితో మూడు వారాలు మూల కూర్చుంటాడని కంప్యూటరు తేల్చింది. బంతి విసిరేవాడికి భుజం పోతే ఇంకేముంది! నన్ను తిట్టకు. నేను మీట నొక్కానంతే.

మొదటి స్థానంలో మా కింది అంతస్తు పళ్ల డాక్టరుగారి దవడలు. ఆయన సంబరం చూడాలి నువ్వు. నోరు తెరిచి కూర్చున్న పేషెంట్లకి కూడా స్కోరు చెబుతున్నారట. పాపం, వాళ్లు ఔననలేరు, కాదనలేరు. నా ఉక్కుతాళ్లు రెండు. మా స్టోర్‌కీపరు తుప్పుమేకులు మూడు. మే నెలంతా అందరి నెత్తినా కూర్చున్న మీ అక్క కత్తెరలు నాలుగుకి జారాయి. వరసగా ఓటములే. గ్రహచారం. ఏ జట్టుకైనా వస్తుందిలే అలాంటి కాలం.

అయిదో జట్టు కొత్తగా చేరిన బస్సు డ్రైవరుది. అతనికి మొన్న మళ్లీ మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది. "అసలీ ఆటగాళ్లు ఏ ఊళ్లో ఉంటారండీ?" అన్నాడు. ఎక్కడా ఉండరయ్యా, ఈ ప్రోగ్రామే వాళ్లని పుట్టిస్తుంది, అదే వయసిస్తుంది, బలమిస్తుంది, దెబ్బలు తగిలిస్తుంది, ముసలివాళ్లని ఇంటికి పంపిస్తుంది. ఎవరు ముందు బ్యాటు పట్టాలి, ఎవరు బంతి విసరాలి, ఎప్పుడు తెగించాలి అన్నది మనం కాగితం మీద రాసిస్తాం. తర్వాత అదే ఆడి, బంతి బంతికీ ఏం జరిగిందో అచ్చేసి ఇస్తుంది అన్నాను. "మరి పిడుగు, గుండుసూది, సోమరిపోతు... ఈ పేర్లు?" అన్నాడు. కంప్యూటరు నంబర్లే ఇస్తుంది, పేర్లు మా ఇంటావిడ పెట్టింది అన్నాను. "ఆవిడ కనపడరేం?" అన్నాడు. టీ తాగుతావా అన్నాను.

ఇంట్లో చిన్న మార్పు చేశాను. వంటింటి బల్లని కిటికీ దగ్గరికి జరిపాను. బాగోలేదని మళ్లీ గోడ దగ్గరికి జరిపాను. ఇప్పుడది గది మధ్యలో ఉంది. అటూ ఇటూ తిరుగుతూ దానికి తొడ కొట్టుకుంటున్నాను. పనిలోనూ అంతే. బజారు వీధి పెద్ద భవనంలో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోతోంది. విప్పి చూస్తే అన్నీ సరిగానే ఉంటాయి. బిగించి వస్తే మళ్లీ ఆగుతుంది.

అక్క కులాసా. వచ్చే పక్షానికి నీ జట్టు వివరం రేషను లారీ డ్రైవరు చేతికిచ్చి పంపు.

ఇట్లు,
లీగ్ అధ్యక్షుడు, కార్యదర్శి, బంట్రోతు కూడా అయిన
నీ బావ


జూలై 7

అధ్యక్షా!

నీ ఉత్తరం లారీలో ఉల్లిపాయల బస్తా కింద నలిగి వచ్చింది. వాసనకి కళ్లు చెమర్చాయి. నా గాలిపటాల స్థానం చూసి కాదని మనవి.

ఇక్కడ గాలి. పొద్దున్నే గాలి, మధ్యాహ్నం గాలి, రేకుల షెడ్డు మీద ఎవరో గంటెలు పెట్టి వాయిస్తున్నట్టు గాలి. అది ఆగితే తప్ప మేస్త్రీ మమ్మల్ని టవరెక్కనివ్వడు. ఆగదు. రోజంతా బూట్లు వేసుకుని, నడుముకి బెల్టు కట్టుకుని, ఎక్కడానికి సిద్ధంగా కింద కూర్చుంటాం. ఎక్కి చచ్చేదానికన్నా ఈ కూర్చునేదే చంపుతోంది. ఆఫీసు ఫోను కూడా కొండచరియ పడ్డప్పటినుంచీ మూగది. కాబట్టి నీ కాగితాలు అక్షరం అక్షరం నమిలి తింటున్నాను. తింటే రెండు రాళ్లు తగిలాయి.

మొదటిది. ప్రతి వార్తా లేఖ అడుగునా అక్క నాలుగు ముక్కలు రాస్తుంది కదా. సోమరిపోతు మళ్లీ నిద్రపోతూ ఔటయ్యాడనీ, పిడుగుకి పెళ్లి సంబంధాలు చూస్తున్నారనీ, పుట్టని మనుషుల కాపురాల గురించి. అవి కిందటిసారీ లేవు, ఈసారీ లేవు. ఏం, నీమీద అలిగిందా?

రెండోది. కత్తెరలు ఆడిన ఆటల కాగితాలు చూశాను. బంట్లు, బావా! ఒకే ఆటలో మళ్లీ మళ్లీ బంట్లు! బ్యాటు అడ్డం పెట్టి, బంతిని కాళ్ల దగ్గర పడేసి, తాను ఔటైపోయి, ముందున్నవాణ్ణి ఒక్క బేస్ ముందుకి జరిపే ఆ పిరికి ఎత్తు అక్క వేసిందా? నేనెప్పుడు వేసినా నన్ను ఉతికి ఆరేసేది. "ఒకణ్ణి కావాలని బలిపెట్టి ఇంకొకణ్ణి నడిపించడం ఏం తెలివిరా? అందరూ కొట్టండి, చేతనైనంత కొట్టండి" అనేది. ఇప్పుడేమైంది? నీతో కాపురం చేసి చేసి నీలా ఆడుతోందా?

సరే, వ్యాపారం. మూల కూర్చున్న నా పిడుగుని ఇస్తాను, అక్క జట్టులో బ్యాటు వెనక బంతులు పట్టే క్యాచర్ గుండుసూదిని నాకిమ్మను. పళ్లూడిన గుర్రాన్నిచ్చి పందెపు గుర్రాన్ని అడుగుతున్నానని నాకు తెలుసు. ఒప్పుకోదనీ తెలుసు. తన తిట్లు చదువుకోవాలనే అడుగుతున్నాను. తిట్లు మాత్రం తన చేతిరాతలోనే రావాలి. నీ చేతిరాతలో తిట్లకి రుచి ఉండదు.

నీ గాలిపటం


జూలై 14

చిరంజీవి బావమరిదికి,

శుభవార్త. మీ అక్క ఒప్పుకుంది. గుండుసూది నీవాడు. పిడుగు కత్తెరలకి వచ్చాడు. రిజిస్టరులో ఎక్కించేశాను. సంతోషమేనా?

చేతిరాత గురించి పట్టుబట్టకు. తను కొంచెం అలిసిపోయింది. విశ్రాంతి తీసుకుంటోంది. బంట్ల విషయం అంటావా, మనుషులు మారరా? ఎప్పుడూ ఒకేలా ఆడాలని రూలుందా?

ఇక్కడ విశేషాలేమీ లేవు. స్టోర్‌కీపరు, బస్సు డ్రైవరు మొన్న ఒక ఔట్ గురించి వాదించుకుని మాటలు మానేశారు. జరగని ఆటలో లేని మనిషి ఔటయ్యాడా లేదా అని! మధ్యలో నేను ఇద్దరికీ టీ పోసి కూర్చోబెట్టాను. మా ఇల్లిప్పుడు ఎంత శుభ్రంగా ఉందో చూస్తే నువ్వు ఆశ్చర్యపోతావు. ఎక్కడా ఒక్క దారప్పోగు లేదు, ఒక్క గుడ్డపేలిక లేదు. ఇదివరకు నా సాక్సుల్లో కూడా సూదులు దొరికేవి. పడగ్గది గోడలకి రంగు వేయడం మొదలుపెట్టాను. ఒక గోడ అయ్యాక రంగు నచ్చలేదు. ఆపేశాను.

బజారు వీధి లిఫ్టు ఇంకా అలాగే ఉంది. నాకు ఆకలి మామూలుగానే వేస్తోంది. నిద్రా పడుతోంది. ఇవి నువ్వు అడగలేదు, ఊరికే రాశాను.

నీ బావ


జూలై 21

బావా,

ఈసారి వేళాకోళం లేదు. అక్కకి ఏమైంది?

గుండుసూదిని అక్క ఇవ్వదు. అడ్డంగా తిడుతుంది, వారం రోజులు గుర్తొచ్చినప్పుడల్లా తిడుతుంది, కానీ ఇవ్వదు. పద్దెనిమిదేళ్ల పిల్లకాయగా ఉన్నప్పుడు ఎవరూ తీసుకోకపోతే తను తీసుకుని పెంచిన ఆటగాడు. వాణ్ణి నాకు అప్పనంగా ఇచ్చిందంటే, ఇక ఆడే ఓపిక లేదనుకునైనా ఇచ్చి ఉండాలి, లేదంటే నువ్వు తనని అడిగే ఉండవు.

పైగా ఇంట్లో దారప్పోగు లేదంటావు. అక్క మిషను తొక్కకుండా ఎన్నాళ్లుంటుంది? నాకు తెలిసి జ్వరంలో కూడా కాజాలు కుట్టింది. మిషను ఆగిందంటే చెయ్యి పడిపోయిందా? కళ్లా? అమ్మకి వచ్చినట్టు వచ్చిందా? "విశ్రాంతి" అన్న ఆ ఒక్క మాట పట్టుకుని నేనిక్కడ ఎన్ని జబ్బులు ఊహించుకున్నానో నీకు తెలియదు.

నిన్న గాలి కాస్త తగ్గితే ఎక్కాం. పైన బెల్టు కొక్కెం తగిలించాల్సిన చోట తగిలించకుండా పక్కనున్న తాడుకి తగిలించాను. నా కింద ఎక్కుతున్నవాడు చూసి అరిచాడు. కిందకి దిగాక మేస్త్రీ తిట్టలేదు. నీళ్లిచ్చి, "ఇంటి దగ్గర ఏమన్నా ఉంటే చెప్పు, పైకి మాత్రం దాన్ని మోసుకెళ్లకు" అన్నాడు.

తీగ అవతలి కొండకి చేరేదాకా ఎవరికీ సెలవు లేదు. ఈ పని అయ్యాక నన్నే ముఠాకి పెద్దని చేస్తానన్నాడు. మధ్యలో వెళ్తే అది ఇంకొకరికి పోతుంది. పోతే పోనీ. నీ దగ్గర్నుంచి ఉన్నదున్నట్టు జవాబు రాకపోతే నెలాఖరు లారీలో దిగొచ్చేస్తాను. గుండుసూదిని నేను తీసుకోను. కొట్టెయ్ ఆ రిజిస్టరులో.

తమ్ముడు


జూలై 25

ఒరే,

రావద్దు. పని వదులుకోవద్దు. ముందు ఆ కొక్కెం సరిగ్గా తగిలించుకో.

అక్కకి ఏ జబ్బూ లేదు. నామీద ఒట్టు. చేతులూ కళ్లూ దివ్యంగా ఉన్నాయి. ఊళ్లో లేదు, అంతే. కుట్టుపని మీద వెళ్లింది. పెద్ద పని. నాటకాల వాళ్ల దుస్తులు కుట్టే కంపెనీ ఉందే, అక్కడికి. నువ్వు కంగారు పడతావని రాయలేదు. రాయకపోతేనే ఎక్కువ కంగారు పడ్డావు. నా తెలివి అలా ఏడిసింది.

తను లేనప్పుడు జట్టు ఆగిపోకూడదని నేనే వివరాలు రాసిస్తున్నాను. అందుకే ఆ బంట్లు. నాకు తెలిసిన ఆట అదే. ఓడుతుంటే ఇంకా జాగ్రత్తగా ఆడాలనిపిస్తుంది. జాగ్రత్తగా ఆడేకొద్దీ ఓడుతోంది.

వచ్చేస్తుందిలే. నువ్వు రాకు.

నీ బావ


ఆగస్టు 2

బావగారికి,

నమస్కారములు. మీ ఉత్తరమూ, అక్క ఉత్తరమూ ఒకే లారీలో వచ్చాయి. అక్క పాత క్యాంపు చిరునామాకి రాసింది. అది అక్కడినుంచి తిరిగి తిరిగి ఇక్కడికి చేరింది. మీది రెండుసార్లు చదివాను. అక్కది ఎన్నిసార్లు చదివానో చెప్పను. అందులోంచి మీకు తెలియాల్సింది ఎత్తి రాస్తున్నాను.

"తమ్ముడూ, మీ బావ నీకు రాసే ఉంటాడు. అయినా నా నోటితో ఒకసారి చెబుతాను. ఆ కంపెనీ యజమానురాలికి నేను కత్తిరించిన కోటు చూపించి వచ్చాను. కబురు చేస్తానంది. చేయలేదు. నా పనితనం నచ్చలేదేమో అనుకున్నాను. ఎక్కడ తప్పు కత్తిరించానా అని ఆ కోటు కుట్లన్నీ విప్పి చూసుకున్నాను. చివరికి గుడ్డలు కొనడానికి మన ఊరొచ్చిన ఆవిడే బజార్లో ఎదురై, 'మిమ్మల్నే కటింగ్ మాస్టరుగా పెట్టుకోవాలనుకున్నాను, మీరు రానన్నారటగా' అంది. ఎవరన్నారన్నాను. 'మీవారు, ఫోన్లో' అంది.

ఇంటికొచ్చి అడిగాను. 'నీకు కష్టమవుతుందని చెప్పాను' అన్నాడు. నేను అరవలేదు. అరిస్తే కోపం చల్లారి ఉండిపోతానేమో అని భయమేసింది. ఆవిడకి ఫోన్ చేసి వస్తానన్నాను. ఇక్కడ దర్జీల వీధిలో మేడమీద గది తీసుకున్నాను. పొద్దున్నుంచీ నిలబడే పని. కాళ్లు పీకుతున్నాయి. సంతోషంగా ఉన్నాను. సంతోషంగా ఉన్నందుకు ఒక్కోసారి ఏడుపొస్తోంది.

మొన్న పళ్ల డాక్టరుగారు, వస్తూ నేనిచ్చిన కంపెనీ నంబరుకి ఫోన్ చేసి, 'మీ కత్తెరలు బంట్లు ఆడుతున్నాయేమిటమ్మా?' అన్నారు. నా జట్టు ఇంకా ఆడుతోందని నాకు అప్పుడే తెలిసింది. గుండుసూదిని నువ్వు అడిగావనీ, మీ బావ ఇచ్చేశాడనీ కూడా చెప్పారు. నేను ఇల్లు వదిలి వచ్చాక నువ్వు అడిగింది నా క్షేమం కాదు. గుండుసూదిని. ఇక నీకేం రాయాలో తెలియడం లేదు."

ఇదీ సంగతి. మా అక్క దృష్టిలో, తను కట్టుబట్టలతో వెళ్తే ఇదే అదునని తన క్యాచర్‌ని బేరమాడిన తమ్ముణ్ణి నేను. నన్ను ఆ గోతిలోకి దింపింది మీరు.

ఆవిడ బదులు మీరు ఫోన్లో రానన్నారు. ఆవిడ బదులు జట్టు ఆడించారు. ఆవిడ బదులు నా బేరానికి ఒప్పుకున్నారు. ఆవిడ బదులు నాకు "కులాసా" అని రాశారు. ఇంతకీ ఆ ఇంట్లో మా అక్క ఎప్పుడైనా మాట్లాడిందా, లేక ఆవిడ గొంతు కూడా మీదేనా?

నా జట్టు వివరం పంపడం లేదు.

ఇట్లు,
ఆవిడ తమ్ముడు


ఆగస్టు 8

బావమరిదికి,

నువ్వు నన్ను "మీరు" అన్నావు. పెళ్లినాడు నిక్కర్లో వచ్చి "నువ్వేనా మా బావవి?" అన్నవాడివి. బూతులు తిట్టినా ఇంత తగిలేది కాదు.

మొదట కోపం వచ్చింది. నాలుగు పేజీలు రాశాను. ఇల్లు నడిపేవాడికి తెలుస్తుంది, ఆడమనిషి ఒక్కతీ పరాయి ఊళ్లో ఎలా ఉంటుంది, నేను చెడు తలచుకున్నానా, ఇలాంటివన్నీ. చదువుకుంటే ఆ నాలుగు పేజీల్లోనూ "మీ అక్కకి ఏది మంచిదంటే" అని మళ్లీ మళ్లీ ఉంది. చించేశాను.

ఆ ఫోను సంగతి చెబుతాను. సమర్థించుకోవడానికి కాదు. పని నుంచి వచ్చి చేతికి గ్రీజుతో నిలబడి ఉన్నాను. మోగింది. మోచేత్తో ఎత్తాను. ఆ కంపెనీ ఆవిడ చాలా మర్యాదగా అడిగింది. "మా ఆవిడ రాదండీ" అన్నాను. ఆలోచించి అనలేదు. అన్న మరుక్షణం అదే నిజం అనిపించింది. మీ అక్క పెరట్లో బట్టలు ఆరేస్తోంది. కిటికీలోంచి కనపడుతూనే ఉంది. కేకేస్తే వినపడేంత దూరం. నేను చేతులు కడుక్కోవడానికి వెళ్లాను.

తర్వాత తను ఆ కోటు విప్పుతుంటే చూశాను. ఏమిటి విప్పుతున్నావన్నాను. "ఎక్కడో తప్పు చేశాను" అంది. అప్పుడైనా చెప్పాల్సింది. లైటు కాస్త దగ్గరికి జరిపి పెట్టాను. అంతే చేశాను.

జట్టు ఎందుకు ఆడించానంటే, తను వెళ్లిన విషయం లీగ్‌లో ఎవరికీ తెలియకూడదని. నిజం చెప్పాలంటే నాకే తెలియకూడదని. ఆదివారం బల్ల ముందు కూర్చుని కత్తెరల వివరం రాస్తుంటే తను పక్క గదిలో ఉన్నట్టే ఉండేది.

నీ గురించి తనకి రాశాను. వాడికి ఏమీ తెలియదు, వాడిది తప్పు లేదు, చెప్పనివాణ్ణి నేను అని. ఇంకేమీ రాయలేదు. ఏం రాయాలో తెలియలేదు. ఇప్పుడు నన్నేం చేయమంటావు? వెళ్లి తీసుకురమ్మంటావా? ఎదురు చూడమంటావా? నువ్వేది చెబితే అది చేస్తాను. ఈ ఇంట్లో నేను ఒకచోట కూర్చోలేకపోతున్నాను. కుర్చీలన్నీ తిరగేశాను. ఏదీ నాకు సరిపోవడం లేదు.

బావ


ఆగస్టు 15

బావా,

అక్క నాకు రాసింది. నువ్వు రాసిన ఆ రెండు వాక్యాలు తనకి అందాయట. "చాలా రోజులకి మీ బావ పొడుగు వాక్యం లేకుండా రాశాడు" అంది. ఆ కారణంగా "మీరు" వెనక్కి తీసుకుంటున్నాను. కోపం మాత్రం ఉంచుకుంటున్నాను.

నన్ను నేను కూడా కాస్త కడిగేసుకున్నాను. ఇన్నేళ్లలో అక్కకి విడిగా ఒక్క ఉత్తరం రాశానా? నీ ఉత్తరాల అడుగున "అక్కని అడిగానని చెప్పు" అని రాసేవాణ్ణి. గుమ్మం దగ్గర చెప్పులు విడిచినట్టు అక్కని అక్కడే వదిలేసి నీతో ఆటలోకి వచ్చేసేవాణ్ణి. మిషను దగ్గర కూర్చున్న మనిషి ఎప్పటికీ అక్కడే కూర్చుని ఉంటుందనుకున్నాం ఇద్దరమూ. ఇప్పుడు తనకే నేరుగా రాస్తున్నాను. మొదటి ఉత్తరం రాయడానికి ఎంత ఇబ్బంది పడ్డానో! "కులాసాగా ఉన్నావని తలుస్తాను" అని రాసి ఆగిపోయాను. తలచడమేమిటి, అడగొచ్చు కదా అనిపించింది.

నువ్వేం చేయాలని నన్నడుగుతున్నావు. చూశావా? మళ్లీ తనని తప్ప అందర్నీ అడుగుతావు. నేను చెప్పను. రావొచ్చా అని తనకే రాయి. రావద్దంటే వెళ్లకు. అంతకన్నా నాకు తెలియదు, పెళ్లి కానివాణ్ణి.

గాలి తగ్గింది. తీగ అవతలి కొండకి చేరింది. మేస్త్రీ చేతికర్ర నాకిచ్చి, "రేపటినుంచి నువ్వు కేకెయ్యి, నేను వింటాను" అన్నాడు. నలుగురు నా మాట మీద టవరెక్కుతున్నారు. ఎక్కేముందు ప్రతివాణ్ణీ "సరేనా?" అని అడుగుతున్నాను. విసుక్కుంటున్నారు. అయినా అడుగుతున్నాను.

నీ గాలిపటం


ఆగస్టు 29

ఒరే కొండముచ్చూ,

రాశాను. "ఆదివారం రావచ్చు. మధ్యాహ్నం దాకా పని" అని జవాబొచ్చింది. ఆ ఒక్క ముక్కని నేనెంతసేపు చదివానో అడక్కు.

వెళ్లేముందు ఒక తెలివితక్కువ పని చేశాను. కంప్యూటరు విప్పి, దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాను. మిగిలిన ఆటలు తన చేత్తో ఆడుకుంటుందని. దారంతా గుంతలు. పసిపిల్లాణ్ణి పట్టుకున్నట్టు పట్టుకున్నాను. పక్క సీటు ముసలాయన, "ఎన్నో నెల బాబూ?" అన్నాడు.

దర్జీల వీధి సన్నగా ఉంటుంది. మేడమెట్లు ఇంకా సన్నం. లిఫ్టు లేదు. మూడో అంతస్తుకి చేరేసరికి నా పని అయిపోయింది. తను తలుపు తీసింది. మెడలో కొలతల టేపు, చెవి వెనక సుద్దముక్క. నన్ను చూడలేదు, మూట చూసింది.

"ఏమిటది?"

"నీ జట్టు."

"నేనడిగానా?"

"లేదు."

"మరి?"

మూటని అక్కడే మెట్టు మీద దించాను. తను చూసి, "దారికడ్డం, లోపల పెట్టు" అంది. బల్ల కింద పెట్టాను. తర్వాత దాని మీద కత్తిరించిన కోటు ముక్కలు దొంతరగా పేర్చింది. ఇక అది కంప్యూటరని ఎవరికీ గుర్తు లేదు.

ఒక మంచం, ఒక కిటికీ, గోడకి కాగితపు నమూనాలు. కూర్చోమంది. కూర్చున్నాను. ఏం మాట్లాడినా నా సంగతే అవుతుందని భయమేసింది. చివరికి, "పని ఎలా ఉంది?" అన్నాను.

నేను నిజంగానే అడిగానా, మాట కోసం అడిగానా అని నా మొహంలోకి చూసింది. చెప్పడం మొదలుపెట్టింది. రాజు వేషం వేసేవాడికి భుజాలు లేకపోతే కోటుకి భుజాలు ఎలా పెట్టాలో, ముసలి వేషానికి వెన్ను దగ్గర గుడ్డని ఎలా ఏటవాలుగా కత్తిరిస్తే కుర్రవాడు కూడా వంగినట్టు కనపడతాడో. లేచి చూపించింది. నన్ను నిలబెట్టి, టేపు వేసి, "నీ కుడి భుజం ఎడమదానికన్నా కిందకి ఉంది, తెలుసా?" అంది. తెలియదన్నాను. "సామాన్ల సంచీ అటు మోస్తావు కదా. నీ చొక్కాలన్నిటికీ అటు కాస్త తక్కువ పెట్టి కుట్టేదాన్ని" అంది. ఒరే, ఇన్నేళ్లూ నా చొక్కాలు నాకు సరిగ్గా ఎందుకు పట్టేవో నేనెప్పుడూ అనుకోలేదు.

జట్టు సంగతి నేనెత్తలేదు. తనే ఎత్తింది. "ఈ సీజను నాకు తీరిక లేదు. కత్తెరలని వదిలెయ్. ఎవరూ వివరం రాయకపోతే కంప్యూటరే ఏదో ఆడుతుందిగా, ఆడనీ. నువ్వు ముట్టుకోకు. గుండుసూది మాత్రం నావాడే. తమ్ముడికి చెప్పానులే, వాడు తిట్లు అడిగితే అవి కూడా పంపాను" అంది. వచ్చే సీజనుకో అన్నాను. "వచ్చే సీజనుకి అప్పుడడుగు" అంది. అధ్యక్షుడిగా ఇది రిజిస్టరులో ఎక్కించాను. కత్తెరలు నిన్న చిత్తుగా ఓడాయి. చేతులు కట్టుకుని చూశాను. చాలా కష్టమైన పని అది.

ఇంటికి రమ్మని నేనడగలేదు. వస్తాననీ తను అనలేదు. సాయంత్రం బస్సు దాకా వచ్చింది. మూట వెనక్కి నేనే మోశాను. స్టాపులో బెంచీ మీద మా మధ్య ఆ దుప్పటి మూట.

"నువ్వెలా ఉన్నావు?" అంది.

"కులాసా" అనబోయాను. నోటిదాకా వచ్చింది. మింగాను.

"బాగాలేను" అన్నాను.

తలూపింది. వీధి చివర బస్సు మలుపు తిరుగుతూ కనపడింది. నేను మూట ఎత్తుకోబోయాను. తను చెయ్యి అడ్డం పెట్టి, "ఇంకోటి ఉంది, దాంట్లో వెళ్లొచ్చు" అంది.

బస్సు ఆగింది. డ్రైవరు మావైపు చూశాడు. ఇద్దరం కదల్లేదు. బస్సు వెళ్లిపోయింది.

నీ బావ